అమావాస్యకు ఏ రంగు?

మధ్యాహ్నం మూడు దాటింది. సుల్తాన్ బజార్ స్టేషన్‌లో మెట్రో దిగి మెట్లు దిగుతున్నావు. కింది నుంచి బజారు గోల నీకు ఎదురొస్తోంది. ప్రమిదలు, బంతిపూలు, ముగ్గు రంగుల పొట్లాలు, ఆగకుండా అరిచే లౌడ్‌స్పీకరు. ఈ సాయంత్రమే దీపావళి. ఆరున్నరకల్లా ఇంట్లో లక్ష్మీపూజ మొదలవ్వాలి. దారికి పోను నీకు మిగిలేది గంట. ఆ గంటలో ఒక రంగు ఎంచుకోవాలి.

భుజం ముందుకు పెట్టి జనంలో దూరు. బ్యాగు ముందు వైపుకు తిప్పుకో. పది అడుగులు వేశావో లేదో అందరూ ఆగిపోయారు. ఎవరిదో స్కూటీ, దానికి ఎదురుగా తోపుడుబండి. ఇద్దరూ తగ్గడం లేదు. సరే, ఈలోపు నీ చేతులు చూసుకో.

దసరాకి వేసుకున్న ఎరుపు అంచుల్లో పెచ్చులూడిపోయింది. గోరు మొదట్లో సన్నటి ఖాళీ, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ ఇరవై రోజుల్లో గోరు పెరిగింది అంత. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలిగోరు అందులో సగం కూడా పెరగదు. ఇప్పుడు గోరు చివర చూడు. ఎరుపు ఊడిన చోట కింద ఇంకో రంగు ఉంది, నారింజ ముదిరిన ఎరుపు, నెలవంకంత. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు అది. అప్పుడు గోరంతా పండింది. పండిన గోరు ముందుకు జరుగుతూ జరుగుతూ మూడున్నర నెలలకు ఈ అంచుకు చేరింది. ఇంకోసారి గోళ్ళు తీసుకుంటే ఈ కాస్తా పోతుంది. ఒక్క గోరు మీద మూడు కాలాలు: చివర వానాకాలం, మధ్యలో దసరా, మొదట్లో ఏమీ లేని ఈ మూడు వారాలు.

తోపుడుబండి తగ్గింది. కదులు.

షాపు అంటే షాపు కాదు, రెండు గోడల మధ్య ఒక సందు. పై నుంచి కింది దాకా సీసాలు, నెత్తి మీద తెల్లటి ఎల్‌ఈడీ పట్టీ. కుర్రాడు నీ గోళ్ళ వంక ఒక్కసారి చూస్తాడు, వెంటనే విషయం అర్థమైపోతుంది అతనికి.

"వైన్ కలర్ తీస్కో అక్కా. ఈ సీజన్‌ల గదే నడుస్తున్నది. పొద్దుగాల నుంచి అందరు గదే తీస్కపోతున్నరు."

సీసా నీ అరచేతిలో పెట్టేశాడు కూడా. నల్లద్రాక్ష రసం ఎండినంత ముదురు. బాగుందా? బాగుంది. కానీ "సీజన్" అన్నాడు చూడు, అక్కడ ఆగు. ఎవరి సీజన్?

నీ ఫోనులో రోజూ కనిపించే వీడియోలన్నీ ఇదే చెబుతున్నాయి: అక్టోబరు, నవంబరు వస్తే ముదురు రంగులు వేసుకోవాలి. వైన్, చాక్లెట్, సీసా ఆకుపచ్చ. ఆ లెక్క అమెరికాది, యూరప్‌ది. అక్కడ ఈపాటికి ఆకులు రాలుతుంటాయి, నాలుగింటికో ఐదింటికో చీకటి పడుతుంది, ఒంటి మీద ఉన్ని కోటు ఉంటుంది, చేతుల్లో బయటికి కనిపించేది వేళ్ళ చివర్లే. అలాంటి చోట, 1994లో, షనెల్ 'రూజ్ నువార్' అని నలుపుకు తిరిగిన ఎరుపు తెస్తే జనం ఎగబడ్డారు. అంతకు చాలా ముందే, 1932లో న్యూయార్క్‌లో మొదలైన రెవ్లాన్ కంపెనీ, వసంతానికి ఒక రంగు, శరత్తుకు ఒక రంగు అని కొత్త పేర్లతో దించి, చీర మార్చినట్టు గోళ్ళ రంగూ మార్చాలని ఆడవాళ్ళకు అలవాటు చేసింది. పాత సీసా ఖాళీ కాకుండానే కొత్తది కొనిపించడానికి కాలాలకు మించిన సాకు ఏముంది? తెలివైన వ్యాపారమే, తప్పు పట్టను. కానీ ఇప్పుడు నీ మెడ వెనక చెమట కారుతోంది. ఉన్ని కోటు ఎక్కడుంది?

వైన్ సీసా పక్కన పెట్టు. పారేయకు, పక్కన పెట్టు. ఇంకో మూడు తియ్యి: ముదురు గులాబీ (వీళ్ళు ఫుషియా అంటారు), నక్షత్రాల పొడి చల్లిన ముదురు నీలం, రాగి మెరుపున్న ఇటుక రంగు. నాలుగూ వరసగా నిలబెట్టు. తెల్లటి ఎల్‌ఈడీ కింద నీలం మెరిసిపోతోంది. ఫుషియా అయితే చెప్పక్కర్లేదు. వైన్ దర్జాగా ఉంది. ఇటుక రంగు మాత్రం మట్టి ముద్ద. ఇప్పుడే తేల్చమంటే నీలం పట్టుకుని వెళ్ళిపోతావు.

తేల్చకు. "తమ్ముడూ, సెల్లో టేపు ఉందా?" అని అడుగు.

నాలుగు చిన్న ముక్కలు చించు. ఒక్కో దాని మీద ఒక్కో రంగు, పల్చగా రెండు పూతలు. సీసాలో కనిపించే రంగు వేరు, గోటి మీద పూతగా పడేది వేరు. సీసా లోతుగా ఉంటుంది, పూత వెంట్రుకంత. కాస్త ఆరనిచ్చి నాలుగు వేళ్ళ మీద అంటించు. ఇప్పుడు వీధి దాటు.

"అక్కా, ఎటు పోతున్నవ్?" అని కుర్రాడు కంగారు పడతాడు. చెయ్యెత్తి చూపించు, వస్తానని.

ఎదురుగా గాజుల షాపు. గాజులు ధగధగలాడాలని వాళ్ళు పసుపుపచ్చ బల్బులు పెడతారు. ఆ వెలుగులోకి చెయ్యి చాపు.

చూశావా? నీలం చచ్చిపోయింది. నలుపో నీలమో తెలియడం లేదు. ఫుషియా వాడిపోయింది. వైన్ నల్లబడింది. ఇటుక రంగు మాత్రం అంటుకుంది. రాగి పొడి ఒక్కో రేణువూ కనిపిస్తోంది, దాని పక్కన నీ వేళ్ళు కూడా పండినట్టున్నాయి.

మాయ ఏమీ లేదు. రంగు తనంతట తాను వెలగదు, మీద పడిన వెలుగులోంచి తనకు కావలసింది తిరిగిస్తుంది. నూనె దీపం మంటలో ఎరుపు, పసుపు దండిగా ఉంటాయి, నీలం పాలు బాగా తక్కువ. లేని నీలాన్ని నీలం రంగు ఎక్కణ్ణుంచి తిరిగిస్తుంది? ఈ రాత్రి నీ చేతులు కనిపించేది దేని వెలుగులో? ప్రమిదల వెలుగులో, కర్పూరం వెలుగులో, చిచ్చుబుడ్ల వెలుగులో. అదీ అమావాస్య రాత్రి. పగటి పెళ్ళికి వెళ్ళేదానివైతే నడివీధిలోకి వెళ్ళి ఎండలో చూసి కొనమనేదాన్ని. ఫంక్షన్ హాలు రిసెప్షన్ అయితే ఈ కుర్రాడి ఎల్‌ఈడీయే సరిపోయేది, నీలమే గెలిచేది. కాలం అంటే క్యాలెండరు కాదిక్కడ, నీ చేతి మీద పడే వెలుగు.

పక్కన గాజులు వేయించుకుంటున్న పెద్దావిడ నీ వేళ్ళ వంక చూసి, "చామనఛాయకు ముదురు రంగులు నప్పవమ్మా, లేత గులాబీ వేస్కో" అంటుంది. నవ్వి ఊరుకో. ఈ మాట తరాలుగా వినిపిస్తూనే ఉంది. నిజానికి సున్నం కలిపినంత పాలిపోయిన లేత గులాబీలే చామనఛాయ చేతిని బూడిదగా చూపిస్తాయి. వేలు పక్కన పెట్టి చూడు, నీ కళ్ళే చెబుతాయి.

వెనక్కి రా. ఇటుక రంగు తీసుకో. డబ్బులిచ్చే ముందు సీసా తిప్పి వెనక చదువు. టోలుయీన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్. ఈ మూడు పేర్లూ లేనిది కావాలి. ఏమేం కలిపారో అసలు రాయనే రాయని సీసా అయితే మళ్ళీ గూట్లో పెట్టేయి, ఎంత చవకైనా సరే. బేస్ కోటు ఒకటి. రిమూవర్ ఒకటి.

"అక్కా, వైన్?"

"వద్దు తమ్ముడూ."

టేపు ముక్కలు జాగ్రత్తగా ఊడదీసి ఒక కాగితం మీద అంటించి పర్సులో పెట్టుకో. పరుగెత్తు.

ఇంటికి వచ్చేసరికి ఐదుంబావు. తలుపు తీస్తూనే నెయ్యి వాసన, నూనె వాసన. అత్తయ్య హాల్లో నేల మీద కూర్చుని వత్తులు చేస్తోంది. నీ కూతురు ప్రమిదలు వరసలు పేరుస్తోంది, గుమ్మం నుంచి బాల్కనీ దాకా.

"వచ్చావా అమ్మాయ్? తలకి పోసుకున్నదానివి మళ్ళీ ఆ బజారంతా తిరిగొచ్చావ్. కాళ్ళు కడుక్కో ముందు."

కాళ్ళు కడుక్కుని బీరువా పైనున్న పాత స్వీటు డబ్బా దించు. అందులో నీ సీసాలన్నీ ఉన్నాయి. మూత తీస్తే గుప్పున వాసన.

చేతికి మొదట తగిలింది లేత పుదీనా రంగు. పట్టుకోగానే మే నెల. బయట 42 డిగ్రీలు. కళ్ళకు చల్లగా ఉంటుందని ఈ రంగు వేసుకున్నావు. మర్నాడే ఆవకాయ. పెద్ద బేసిన్ నిండా ముక్కలు, ఆవపిండి, కారం, మీద నువ్వుల నూనె మడుగు. అత్తయ్య చూస్తోంది. గరిటె పెట్టి కలుపుతావా, చెయ్యి పెడతావా? గరిటె పెడితే ఆ చూపు నువ్వు భరించలేవు. చెయ్యి పెట్టావు. సాయంత్రానికి పది గోళ్ళూ పచ్చకామెర్ల రంగు. కారం నూనె, పసుపు లేత రంగు పూతలోకి ఇంకితే మళ్ళీ రావు. పైన పారదర్శకంగా ఇంకో పూత ఉంటే కొంత ఆపేది. అసలు వంటింట్లో చెయ్యి పెట్టేవాళ్ళకు ఎండాకాలం రంగు పుదీనా కాదు, పగడం. కారం పడ్డా కనపడదు, ఎండలో వెలవెలబోదు. పుదీనా, తెలుపు, లేత నీలం కాలిగోళ్ళకు ఇచ్చెయ్యి. పాదాలు ఆవకాయ కలపవు కదా.

దాని వెనకే మెరుపు నారింజ. కాలేజీ పిల్లలు నియాన్ అంటారు. ఈ రంగుల్లో ఫ్లోరసెంట్ పదార్థం ఉంటుంది. ఎండ తగిలితే మెరుస్తుంది, ఆ ఎండే దాన్ని తినేస్తుంది కూడా. కిటికీ పక్కన పెట్టిన సీసా ఎలా వెలిసిపోయిందో చూడు. పైగా వేడికి చిక్కబడింది. బ్రష్ ఎత్తితే తీగలు సాగుతోంది. దీంట్లో నాలుగు చుక్కలు రిమూవర్ పోద్దామనిపిస్తుంది. పోయకు, పూత విరిగిపోతుంది. దీనికి థిన్నర్ వేరే అమ్ముతారు.

ఇదేమిటి, ఈ ముత్యపు గులాబీ? దీని మీద నీకు కోపం ఉంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి వేసుకుంటే పొగమంచు కమ్మినట్టు తెల్లగా మసకబారింది. సీసాని తిట్టుకున్నావు. తప్పు వానది. పూతలోని ద్రవం గబగబా ఆవిరయ్యేటప్పుడు గోటి మీద చల్లబడుతుంది. ముసురు పట్టిన రోజు గాలినిండా నీళ్ళే, ఆ చల్లటి పూత మీద అవి వాలిపోతాయి. అందుకే మసక. పల్చటి పూతలు వేసి, ఏసీ గదిలో ఆరబెడితే కాస్త నయం.

కానీ నన్నడిగితే, వానాకాలం సీసాల కాలమే కాదు. నీ గోటి చివరనున్న నెలవంకను అడుగు. ఆషాఢం. కొత్త చినుకులకు గోరింట చెట్టు చిగురు వేసి ఉంది. రోలు దగ్గర చింతపండు రవ్వ వేసి అత్తయ్య రుబ్బుతోంది, ముద్ద నీ వేళ్ళకు టోపీలు పెడుతోంది. దురద పుట్టినా గోక్కోవడానికి లేదు. అన్నం ఎవరో కలిపి పెట్టాలి. ఆకులోని లాసోన్ అనే రంగు, పులుపు తగిలితే బాగా దిగి, గోటిలోని కెరటిన్‌కు అతుక్కుపోతుంది. పూత కాదు కాబట్టి పెచ్చులూడదు, ముసురుకు మసకబారదు, రోజంతా అంట్లు తోమినా పోదు. నువ్వు ఎంచుకోవడానికి రంగులుండవు, ఒక్కటే రంగు. అది కూడా ఒక్కో చేతికి ఒక్కో తీరుగా పండుతుంది. పొద్దున నారింజ, మర్నాటికి ఎరుపు. ఏ కంపెనీ సీజనూ ఇంత కచ్చితంగా వానకు సరిపోయే రంగు తేలేదు. 2008లో ఓపీఐ అనే అమెరికా కంపెనీ ఇండియా పేరు మీద ఒక వరుస రంగులు దించి, ఒక సీసాకు వానాకాలాన్నీ ఇంకోదానికి కూరనూ కలిపి పేర్లు పెట్టింది. పేర్లు సరదాగానే ఉన్నాయి. ముసురులో ఆరడం మాత్రం అన్ని సీసాలకూ ఒక్కటే కష్టం.

డబ్బా మూసెయ్. గడియారం చూడు. ఐదు నలభై.

పాత ఎరుపు తియ్యాలి. హాల్లో లైటు బాగుంది. గుమ్మం పక్కన నేల మీద కూర్చో. రిమూవర్ మూత తీసి పక్కన పెట్టు. దూది ముంచి గోటి మీద అదిమి పట్టుకో. పది అంకెలు లెక్కపెట్టి లాగు. ఎరుపు దూదిలోకి వచ్చేస్తుంది. రెండో వేలు. మూడో వేలు. బొటనవేలి మీద కాస్త పసుపు మరక మిగిలింది. దసరాకి తొందర్లో బేస్ కోటు వెయ్యలేదు, ఎరుపు గోటిలోకి దిగింది. చల్లగా ఉంది చేతికి. వాసన ముక్కులో గుచ్చుతోంది.

వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

"సంధ్య వేళ అయింది, మొదటి దీపం గుమ్మంలో పెట్టేస్తున్నానమ్మాయ్," అంటోంది అత్తయ్య.

నువ్వు తల ఎత్తవు. నాలుగో వేలు. ప్రమిద నీకు రెండు మూరల దూరంలో ఉంది. దూరమే కదా అనిపిస్తుంది.

"అమ్మా, ఈ ప్రమిద ఎక్కడ పెట్టను?" కూతురు పరుగెత్తుకొస్తోంది. లంగా అంచు సీసాకు తగిలింది.

సీసా పడిపోయింది.

రిమూవర్ టైల్స్ మీద పారుతోంది. నీళ్ళకన్నా పల్చగా. నీళ్ళకన్నా వేగంగా. గుమ్మం వైపు.

ఇది అసిటోన్. సున్నాకు 20 డిగ్రీల కింద కూడా దీని ఆవిరి నిప్పు అందుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా రెండింతలు బరువు. పైకి పోదు. నేలనంటుకుని పాకుతుంది. కంటికి కనపడదు. ద్రవం దీపం దాకా పోనక్కర్లేదు. ఆవిరి పోతే చాలు.

మంట కదిలింది. గాలికా?

నీ కుడిచెయ్యి సీసా కోసం సాగుతోంది. ఆగు.

ఆ చెయ్యి తడిసి ఉంది. వేళ్ళన్నీ రిమూవర్. చేతిలో దూది.

వెనక్కి లాగు. ఇంకా వెనక్కి.

ఏం చెయ్యాలి? ఊదనా? ఊదితే ఆవిరి ఆ వైపే పోతుంది. నీళ్ళా? నీళ్ళు తెచ్చేలోపు? నీళ్ళు నూనె దీపం మీద పడితే? కాదు.

"పాపా, బెడ్రూంలోకి పో. పరుగెత్తు."

వెళ్ళింది.

"అత్తయ్యా! గిన్నె! దీపం మీద గిన్నె బోర్లించండి!"

అత్తయ్య నీ వంక చూస్తుంది. ఆమె చేతిలోనే స్టీలు గిన్నె ఉంది. కదలదు. లక్ష్మి కోసం వెలిగించిన దీపం. పండగ పూట, సంధ్య వేళ, మొదటి దీపం. దాన్ని ఆర్పడమా?

"అత్తయ్యా, అంటుకుంటుంది!"

ఒక్క క్షణం.

ఠంగ్.

గిన్నె బోర్లా పడింది. అంచు కింద నుంచి సన్నటి పొగ. అంతే.

ఎవరూ మాట్లాడరు. నీ గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. ఫ్యాను స్విచ్చు వైపు నడిచి ఆగిపోతావు. స్విచ్చులో మెరుపు రవ్వ చాలు. తలుపు బార్లా తియ్యి. బాల్కనీ తలుపు కూడా. గాలి రానీ. తడిగుడ్డతో నేల తుడిచి, గుడ్డనూ దూదినీ బయట వాష్ ఏరియాలో పడెయ్. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో.

"తల్లీ, కొండెక్కించాల్సి వచ్చింది," అని అత్తయ్య లెంపలేసుకుంటోంది. నీ వైపు తిరిగి, "అసలు ఆ మాయదారి నీళ్ళు దీపాల పూట ఎవరు తెరవమన్నారు నిన్ను?" అంటుంది. జవాబు లేదు నీ దగ్గర. అసిటోన్ లేని రిమూవర్ కొంటే సరిపోయేదేమో అని ఒక ఆలోచన వస్తుంది. సరిపోదు. అందులో ఎక్కువగా ఉండేది ఇథైల్ అసిటేట్, అదీ నిప్పుకు చుట్టమే. అత్తయ్య వాసన పీల్చి చూస్తుంది, ఏమీ లేదని తేలాక కొత్త వత్తి వేసి మళ్ళీ వెలిగిస్తుంది.

ఆరు. మిగిలిన ఆరు వేళ్ళూ వాష్ ఏరియాలో, కిటికీ తెరిచి, ఒక్క దీపమూ లేని చోట తుడిచేస్తావు. అక్కడే ఒక స్టూలు వేసుకో. బేస్ కోటు. ఈసారి మరవలేదు. అది ఆరాక ఇటుక రంగు సీసాను రెండు అరచేతుల మధ్య దొర్లించు. లోపల చిన్న ఉక్కు గుండు టిక్కుటిక్కుమంటుంది. గట్టిగా కుదపకు, బుడగలొస్తాయి. బ్రష్ ఒక వైపు సీసా మూతికి తుడిచెయ్. గోరు మధ్యలో ఒక గీత, అటొకటి, ఇటొకటి. చర్మానికి వెంట్రుకవాసి దూరం వదులు. చివర అంచు మీద కూడా బ్రష్ లాగు. పెచ్చులు మొదలయ్యేది అక్కణ్ణుంచే. గోరింటాకు నెలవంక ఆ పూత కిందకి వెళ్ళిపోతుంది. రిమూవర్ కూడా దాన్ని ఏమీ చెయ్యలేకపోయింది.

రెండో పూతకు ముందు ఆగాలి. ఆగబుద్ధి కాదు. బయట అప్పుడే ఎవరో లక్ష్మీ బాంబు పేల్చారు. అయినా ఆగు. పల్చటి రెండు పూతలు ఆరతాయి, మందపాటి ఒక పూత ఆరదు. ఈ పూతకు ఒళ్ళు ఇచ్చేది నైట్రోసెల్యులోజ్, అంటే నైట్రిక్ ఆమ్లంలో ముంచి తీసిన దూది వంటిదే. పాత సినిమా రీళ్ళు దానితోనే చేసేవారు, అవి ఎంత తేలిగ్గా తగలబడేవో పాతకాలం థియేటర్ల వాళ్ళకు బాగా తెలుసు. 1920ల్లో అమెరికాలో మోటారు కార్లకు మెరుపు తెచ్చిన రంగూ ఈ జాతిదే. ఇప్పుడు అది నీ పది వేళ్ళ మీద, ఇంకా తడిగా ఉంది.

కాలింగ్ బెల్లు.

"వదినా!" ఆడపడుచు వచ్చేసింది. పట్టుచీర, ఆఫీసు బ్యాగు రెండూ భుజం మీదే. "ఏంటీ వాసన? ఏంటి తలుపులన్నీ బార్లా తీశారు?"

"అడగకు," అంటుంది అత్తయ్య లోపలి నుంచి.

పూజ మొదలవుతుంది. నువ్వు వెనక వరసలో కూర్చో. రెండు వేళ్ళ గోళ్ళు ఒకదానికొకటి మెల్లగా తాకించి చూడు. అంటుకోలేదు. పైపైన ఆరింది. లోపల ద్రవం పూర్తిగా పోవడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకో. వాసన ఉంది. వాసన ఉన్నంతసేపూ నిప్పుకు దూరం. ఈ రాత్రికి నీ నియమం అదొక్కటే.

హారతి పళ్ళెం వస్తోంది. కర్పూరం భగభగ మండుతోంది. మామయ్య కళ్ళకద్దుకున్నారు. ఆడపడుచు అద్దుకుంది. ఇప్పుడు నీ ముందు. అందరూ నీ చేతుల వంక చూస్తున్నారు. అరచేతులు మంట మీద పెట్టి తియ్యడం నీకు చిన్నప్పటి అలవాటు. చేతులు వాటంతట అవే లేస్తున్నాయి.

వాసన?

ఇంకా ఉంది.

చేతులు దించు. నమస్కారం పెట్టు. "ముందు పాపకివ్వండి, నేను తర్వాత తీసుకుంటా." అత్తయ్య కనుబొమలు ముడిచి, నీ గోళ్ళు చూసి, పళ్ళెం పక్కకు జరుపుతుంది. ఇందాకటి గిన్నె ఆమెకు ఇంకా గుర్తుంది. కాసేపటికి కూతురు కాకరపువ్వొత్తుల పెట్టె తెచ్చి, "అమ్మా, నాతో వెలిగించవా?" అంటుంది. "నాన్నతో మొదలుపెట్టు, వస్తా." కాకరపువ్వొత్తి రవ్వ వెయ్యి డిగ్రీల పైమాటే.

బాల్కనీలో గోడకు ఆనుకుని నిలబడు. ప్రమిదలన్నీ వెలిగిపోయాయి. కింద రోడ్డంతా పొగ. మధ్యమధ్యలో చేతులు ముక్కు దగ్గర పెట్టి చూస్తూ ఉండు. చిచ్చుబుడ్లు అయ్యాయి, భూచక్రాలు అయ్యాయి. వాసన పోయింది. ఇప్పుడు దీపం పక్కన చెయ్యి పెట్టు. రాగి రేణువులు లేచి కూర్చుంటాయి.

ఆడపడుచు నీ చెయ్యి పట్టుకుని లాగుతుంది. "అబ్బ, ఎంత బావుంది వదినా! నాది చూడు." ఆమె గోళ్ళకు వైన్ కలర్. "ఆరొందలు పెట్టి కొన్నా. మాల్‌లో ఎంత రిచ్‌గా కనిపించిందో. ఇక్కడ చూడు, తలుపు సందులో పడి నలిగిన గోళ్ళలా ఉన్నాయి. నీ సీసా ఇవ్వు, ఇప్పుడే మార్చేసుకుంటా. రిమూవర్ ఎక్కడ పెట్టావ్?"

హాల్లోంచి అత్తయ్య గొంతు వస్తుంది: "ఆ పేరు ఎత్తారంటే ఇద్దర్నీ కిందికి పంపిస్తా!"

నవ్వు ఆపుకుని పర్సు తెరువు. సెల్లో టేపు ముక్కలు కాగితం మీద ఎండిపోయి ఉన్నాయి. ఇటుక రంగుది ఊడదీసి ఆమె గోటి మీద అంటించు. దీపానికి ఎడంగా, వెలుగు మాత్రం పడేలా ఆ చెయ్యి పట్టుకో. బాగుంది. తర్వాత హాల్లోకి లాక్కెళ్ళి ట్యూబులైటు కింద అదే వేలు చూడు. మట్టి.

"ఈ ఒక్క రాత్రికేగా," అంటుంది.

"రేపటి నుంచి?"

"రేపటి నుంచి మళ్ళీ ఆఫీసే. నైట్ షిఫ్టు."

ఇటుక రంగు ముక్క పీకేసి, ఫుషియా ముక్క అంటించు. ట్యూబులైటు కింద ఆ వేలు ఒక్కసారి మెరుస్తుంది.

"నీకు ఇదే. పొద్దున దీపాలన్నీ కొండెక్కాక, వాష్ ఏరియాలో కూర్చుని మార్చుకుందువుగాని. నువ్వు పగలు చూసేదెప్పుడు, దీపం చూసేదెప్పుడు? పొద్దస్తమానం ఆ తెల్ల లైట్ల కిందే ఉంటావు."